గని నుంచి రేవుకు



మా మాస్టారు పోయాక ఆయన శిష్యులంతా కలిసి ఏటా జరిపిస్తున్న ఈ ఉపన్యాసాన్ని ఈసారి నన్ను చెయ్యమన్నారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బడ్జెట్ ప్రవేశపెట్టిన మర్నాడు ఆయన పేపరు పట్టుకుని క్లాసుకు వచ్చేవారు. దేనికెంత కేటాయించారో చూద్దామని మేం తొందరపడితే ఆపి, ముందు రాబడి పద్దు చదివించేవారు. ఏ సర్కారైనా ఎవరి సొమ్ముతో బతుకుతుందో వాళ్ల మాటే వింటుంది. రూపాయి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తే ఎటు పోతుందో సగం తెలిసినట్టే. ఇదే ఆయన పాఠం. ఆ పాఠం చేతపట్టుకుని ఒక దేశాన్ని చూద్దామని ఇవాళ మీ ముందు నిలబడ్డాను. ఆ దేశం కాంగో. బ్రజావిల్ రాజధానిగా ఉన్న చిన్న కాంగో మరొకటి ఉంది. నేను చెప్పేది కిన్షాసా రాజధానిగా ఉన్న పెద్ద కాంగో గురించి.

వైశాల్యం 23 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన దేశంలో మూడింట రెండు వంతుల కన్నా పెద్దది. జనాభా 10 కోట్లు దాటింది. ప్రపంచంలో తవ్వితీసే కోబాల్ట్‌లో నూటికి 70 పాళ్లకు పైగా అక్కడి నేలదే. రాగి తవ్వకంలో చిలీ తర్వాత పేరు ఇప్పుడు కాంగోదే. బంగారం, తగరం, వజ్రాలు, సెల్‌ఫోన్లలో వాడే టాంటలం, వీటికి తోడు భూమధ్యరేఖను రెండుసార్లు దాటి ఏడాది పొడుగునా నిండుగా పారే నది. ప్రవాహంలో ఆ నదిని మించింది అమెజాన్ ఒక్కటే. ఇంత ఉండీ, ప్రపంచ బ్యాంకు 2024 లెక్కలో, నూటికి 70 మందికి పైగా రోజుకు 2.15 డాలర్ల లోపు మీద బతికారు.

ఇప్పుడు మాస్టారు చెప్పినట్టు రాబడి పద్దు. 2024కి కాంగో పార్లమెంటు ఆమోదించిన బడ్జెట్ సుమారు 1,600 కోట్ల డాలర్లు, మన లెక్కలో 1.3 లక్షల కోట్ల రూపాయల దరిదాపు. అదే సమయంలో తెలంగాణ బడ్జెట్ 2.91 లక్షల కోట్లు. నాలుగు కోట్ల లోపు జనాభా ఉన్న మన రాష్ట్రం వేసుకునే బడ్జెట్‌లో సగం కూడా లేదు 10 కోట్ల మంది కాంగోది. అందులోనూ కాగితం మీద రాసుకున్నదంతా వసూలు కాదు. దేశ ఎగుమతుల్లో నూటికి 90 పాళ్లకు పైగా ఖనిజాలే కాబట్టి ఖజానా కూడా ప్రధానంగా వాటి మీదే ఆధారపడుతుంది. ఆ ఖనిజాలను తీసేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన కంపెనీలు. అంటే కిన్షాసాలో కూర్చున్న ప్రభుత్వానికి 10 కోట్ల మంది దయ కన్నా పది పదిహేను కంపెనీల దయ ముఖ్యం. నా దృష్టిలో ఆ దేశ అభివృద్ధికి అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఇదే. మిగతా అడ్డంకులన్నీ దీని పిల్లలు. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు గనక కాస్త వెనక్కి వెళ్లాలి.

1885లో యూరపు దేశాలు బెర్లిన్‌లో ఆఫ్రికాను పంచుకుంటున్నప్పుడు కాంగో బెల్జియం దేశానికి దక్కలేదు, బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌కు సొంత ఆస్తిగా దక్కింది. ఆయన ఒక్కసారి కూడా అక్కడ అడుగుపెట్టలేదు. రబ్బరు కోసం ఊళ్లకు ఊళ్లనే కోటా కట్టి అడవిలోకి తోలారు. కోటా తగ్గితే కొరడా, భార్యాపిల్లల నిర్బంధం, చేతులు నరకడం. ఆ ఘోరాలు మీలో చాలామంది చదివే ఉంటారు కాబట్టి అక్కడ ఆగను. అవి బయటపడిన తీరు మాత్రం చెప్పాలి. లివర్‌పూల్‌లో ఓ ఓడల కంపెనీలో పనిచేసే ఎడ్మండ్ మోరెల్ అనే గుమాస్తా ఆంట్వెర్ప్ రేవులో లెక్కలు చూసేవాడు. కాంగో నుంచి వచ్చే ఓడల నిండా రబ్బరు, ఏనుగు దంతాలు. కాంగోకు తిరిగి వెళ్లే ఓడల్లో ఉండేవి తుపాకులు, తూటాలు. వ్యాపారమైతే వచ్చిన సరుకుకు బదులుగా గుడ్డో, ఉప్పో, పనిముట్లో, ఏదో ఒకటి వెళ్లాలి కదా! ఏమీ వెళ్లడం లేదంటే అక్కడ పని చేస్తున్నవాళ్లకు కూలి ముట్టడం లేదన్నమాట. రేవులో కూర్చుని, ఓడ సరుకుల చిట్టా చూసి, వేల మైళ్ల దూరాన ఉన్న వెట్టిచాకిరీని పట్టుకున్నాడాయన. ఎకౌంట్లు చదవడం ఎంత మానవీయమైన పని కాగలదో చూపించడానికి నాకు ఇంతకన్నా గొప్ప ఉదాహరణ కనబడలేదు. బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ నివేదిక 1904లో అచ్చయింది. ఉద్యమం పెరిగి, 1908లో రాజు చేతిలోంచి కాంగో బెల్జియం ప్రభుత్వం చేతికి మారింది.

మారింది యాజమాన్యమే. రాజ్యం ఉన్నది ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు మారలేదు. 1890లో మొదలుపెట్టి 1898లో పూర్తిచేసిన రైలు మార్గం మటాడి రేవునూ, నదిలో పడవ నడిచే చోటునూ కలిపింది, సరుకు దిగడానికి. 1906లో పుట్టిన యూనియన్ మినియేర్ కంపెనీ దక్షిణాన కటంగా రాగిని తవ్వింది. కటంగా నుంచి ఒక రైలు అంగోలాలోని లోబిటో రేవుకు పోయింది, ఇంకొకటి దక్షిణాది రేవుల వైపు పోయింది. పటం తీసి చూడండి, పాత రైలు పట్టాలన్నీ నీళ్ల వైపే పరుగెడతాయి. పండించే ఊరినీ తినే ఊరినీ కలిపే దారులు మాత్రం ఎక్కడా సరిగా కనబడవు. హిరోషిమా మీద వేసిన బాంబులోని యురేనియంలో ఎక్కువ భాగం కూడా కటంగాలోని షింకొలోబ్వే గనిదే. ఆ పక్క పల్లెలకు ఆ గని తెచ్చిపెట్టిన దీపం లేదు.

1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశంలో విశ్వవిద్యాలయ పట్టా ఉన్న కాంగో పౌరులు ముప్పై మంది కూడా లేరు. సైన్యంలో ఒక్క నల్లజాతి అధికారి లేడు. అంతకంటే తక్కువగా చెప్పుకునే సంగతి ఒకటుంది. యూనియన్ మినియేర్‌లో కాంగో వలస ప్రభుత్వానికి ఓటు బలం ఉండేది. కటంగా ప్రత్యేక కమిటీ అనే సంస్థ ద్వారా ఆ బలం దక్కేది. స్వాతంత్ర్యం ఇక కొద్ది రోజులుందనగా బెల్జియం ఆ కమిటీని రద్దు చేసింది. కొత్త దేశం ఖజానా తాళం తీసుకునేలోపే దేశంలోకెల్లా పెద్ద కంపెనీ మీద దాని అదుపు జారిపోయింది. వలస పాలన చేసిన అప్పుల భారం మాత్రం వారసత్వంగా వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన వారంలో సైన్యం తిరగబడింది. జూలై 11న మొయిసే షోంబే కటంగాను విడి దేశంగా ప్రకటించాడు. కంపెనీ తన పన్నులు కిన్షాసాకు కాక ఆయనకు కట్టింది. అప్పటికి ఖజానాకు ప్రాణాధారం కటంగా రాగి. దాన్ని కోసేస్తే ప్రధానమంత్రి పాట్రిస్ లుముంబా చేతిలో మిగిలేదేముంది? 1961 జనవరి 17న ఆయన్ను అదే కటంగాకు పట్టుకుపోయి చంపారు. శవాన్ని ఆమ్లంలో కరిగించారు. మిగిలిన ఒక్క పన్నును ఒక బెల్జియం పోలీసు అధికారి దాచుకున్నాడు. 2022 జూన్‌లో బెల్జియం దాన్ని కుటుంబానికి అప్పగించింది.

ఈ కథలో మనవాళ్లు కూడా ఉన్నారు. కటంగా వేర్పాటు రోజుల్లో ఐక్యరాజ్యసమితి పంపిన సేనలో భారత బ్రిగేడ్ ఉంది. 1961 డిసెంబర్ 5న నాటి ఎలిజబెత్‌విల్‌లో, అంటే నేటి లుబుంబాషిలో, రోడ్డు దిగ్బంధాన్ని ఛేదిస్తూ గూర్ఖా రైఫిల్స్ కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చాడు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. కాంగో ఒక దేశంగా నిలవాలని ఒక పంజాబీ యువకుడు ఆ మట్టిలో నెత్తురు కార్చాడు. కాంగో మనకెందుకు అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే పేరు అదే.

తర్వాత మొబుటు. 1965 నవంబర్‌లో అధికారం లాక్కున్నాడు, 1997 దాకా వదల్లేదు. ఆయన దోపిడీ గురించి, అడవి మధ్యన బాడోలీటేలో కట్టించుకున్న భవనాల గురించి, కాంకార్డ్ విమానం దిగేటంత రన్‌వే గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. అవి నిజమే. కానీ దొంగతనం ఒక్కటే దేశాన్ని ముంచిందంటే నేను ఒప్పుకోను. దొంగలున్న దేశాలు కూడా రోడ్లు వేసుకున్నాయి. మొబుటు చేసిన పెద్ద నష్టం వేరే ఉంది. 1967లో యూనియన్ మినియేర్‌ను జాతీయం చేశాడు. అదే తర్వాత జెకామీన్ అయింది. ఆ కంపెనీయే ఖజానా, ఆ కంపెనీయే విదేశీ మారకం. ఒక పాడి గేదె ఇంటిల్లిపాదినీ పోషిస్తుంటే చేను వైపు ఎవరు చూస్తారు? 1973 నవంబర్‌లో విదేశీయుల తోటలు, దుకాణాలు, ట్రక్కులు లాక్కుని తనవాళ్లకు పంచాడు. కొత్త యజమానులు ఉన్న సరుకు అమ్ముకుని షట్టర్లు దించేశారు. పల్లెలో పండిన మొక్కజొన్న కొని పట్నానికి చేర్చే చిన్న వర్తకుల గొలుసు ఒక్క ఏడాదిలో తెగిపోయింది. మళ్లీ అది అతకలేదు. సరిగ్గా అప్పుడే, 1974 మధ్య నుంచి, రాగి ధర ఏడాది తిరక్కుండా సగానికి దిగువకు పడిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మొబుటు హయాంలో తెచ్చిన అప్పుల్లో పెద్దది ఎటు పోయిందో కాస్త దగ్గరగా చూపిస్తాను. కాంగో నది సముద్రంలో కలిసేముందు ఇంగా అనే చోట సుమారు వంద మీటర్లు కిందికి దూకుతుంది. ఆ ఒక్క చోట 40,000 మెగావాట్లు తీయవచ్చని అంచనా. 1972లో ఇంగా-1, 1982లో ఇంగా-2 ఆనకట్టలు పూర్తయ్యాయి. రెండూ కలిపి 1,800 మెగావాట్ల లోపు. అక్కణ్ణుంచి కటంగా గనులకు 1,700 కిలోమీటర్ల పొడుగున కరెంటు తీగ లాగారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అంత పొడుగు లైను లేదు. అది హై వోల్టేజి డైరెక్ట్ కరెంటు లైను. మన ఊళ్ల మీదుగా పోయే లైన్ల లాగా మధ్యలో సబ్‌స్టేషన్ పెట్టి ఊరికి దించుకునే వీలు లేదు. దారిలో వందల పల్లెలు. వాటి నెత్తిమీదుగా కరెంటు కటంగాలోని కోల్వేజి గనులకు పోతుంటే కింద కిరసనాయిలు దీపాలు. ఇంజనీర్లకు ఇది తెలియక జరిగింది కాదు. కటంగాలోనే నీటి విద్యుత్తు మరింత చౌకగా తీయవచ్చని అప్పుడే చెప్పినవాళ్లున్నారు. మళ్లీ ఎప్పుడైనా కటంగా వేరుపోతానంటే కిన్షాసా దగ్గర నుంచే మీట నొక్కి చీకటి చెయ్యవచ్చు. అందుకే ఈ లైను వేశారని చాలామంది పరిశీలకులు రాశారు. ఏళ్లు గడిచాక ఆ టవర్ల ఇనుప బద్దీలను పల్లెవాళ్లు విప్పుకుపోవడం విద్యుత్ సంస్థకు తీరని తలనొప్పి అయింది. చట్టం దాన్ని దొంగతనమే అంటుంది. నాకు మాత్రం తప్పు ఆ పల్లెవాళ్లతో మొదలైందని అనడానికి నోరు రాదు. ఇవాళ్టికీ దేశంలో ఐదుగురిలో ఒకరికి మాత్రమే కరెంటు అందుతోంది.

ఈ అప్పులిచ్చినవాళ్లకు సంగతి తెలియదా? తెలుసు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 1978లో ఎర్విన్ బ్లూమెంథాల్ అనే జర్మన్ బ్యాంకు అధికారిని ఆ దేశ కేంద్ర బ్యాంకులో కూర్చోబెట్టింది. ఏడాది తర్వాత ఆయన తిరిగి వెళ్లిపోయి, 1982లో బయటపడిన నివేదికలో, ఇచ్చిన డబ్బు తిరిగి వచ్చే అవకాశం లేదని కుండబద్దలు కొట్టాడు. అప్పులు ఆగలేదు. పొరుగున అంగోలాలో ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తోంది, మొబుటు అవసరం అమెరికాకు ఉంది. ఆ బాకీలో 1,230 కోట్ల డాలర్లు 2010లో గానీ రద్దు కాలేదు. ఆ 30 ఏళ్లూ అసలు, వడ్డీ ఎవరి పేరు మీద పెరిగాయో ఆ జనం ఆ డబ్బు ముఖం చూడలేదు.

1990 సెప్టెంబర్‌లో కమోటో భూగర్భ గని కూలింది. 1980లలో ఏటా 4.7 లక్షల టన్నుల దాకా రాగి తీసిన జెకామీన్ 1990ల మధ్యకు 40 వేల టన్నుల లోపుకు జారింది. కంపెనీతో పాటు అది నడిపే ఆసుపత్రులు, బడులు పోయాయి. ఖజానా ఖాళీ అయితే నోట్లు అచ్చేశారు. నాటి ఆ దేశ కరెన్సీలో 50 లక్షల జైర్ల నోటు తెచ్చి సైనికులకు జీతమిస్తే 1993 జనవరిలో కిన్షాసా దుకాణదారులు ఆ నోటు పుచ్చుకోలేదు. సైనికులు తుపాకులతో బజారు మీద పడ్డారు. ఆ తర్వాత వచ్చిన రెండు యుద్ధాల గురించి వేరే ఉపన్యాసమే కావాలి. 1996లో ఒకటి, 1998 నుంచి 2003 దాకా ఇంకొకటి. రెండోదాంట్లో చుట్టుపక్కల దేశాల సైన్యాలు కూడా దిగాయి. ఆకలికి, రోగాలకు పోయినవాళ్లతో కలిపి 2007 నాటికి 54 లక్షల మంది అని ఒక అంచనా. ఆ సంఖ్య మీద పండితులు వాదులాడుకుంటారు. లక్షల్లో పోయారన్నదాని మీద ఎవరికీ వాదన లేదు.

ఇక ఇప్పటి సంగతి. యుద్ధం మధ్యలోనే, 2002లో, కొత్త గనుల చట్టం వచ్చింది. పెట్టుబడి రావాలి కాబట్టి రాగి మీద రాయల్టీ 2 శాతమే పెట్టారు. పెట్టుబడి వచ్చింది. కానీ జెకామీన్ చేతిలోని మంచి గనులు ఎవరికి ఎంతకు పోయాయో చాలాకాలం బయటికి తెలియలేదు. కోఫీ అన్నన్ అధ్యక్షతన ఉన్న ఆఫ్రికా ప్రోగ్రెస్ ప్యానెల్ 2013లో ఐదు ఒప్పందాలు తీసి లెక్కకట్టింది. 2010 నుంచి 2012 మధ్య వాటిని అసలు విలువకన్నా చవగ్గా అమ్మడం వల్ల దేశానికి 136 కోట్ల డాలర్ల నష్టం. అప్పట్లో ఆ దేశం ఏడాదికి ఆరోగ్యానికీ చదువుకూ కలిపి పెట్టిన ఖర్చుకు దాదాపు రెట్టింపు. మధ్యలో ఎక్కడో దీవుల్లో నమోదైన ఊరూ పేరూ లేని కంపెనీలు కొని, వెంటనే అసలు ధరకు మరొకరికి అమ్ముకున్నాయి. ఒక్క సంతకంతో పోయే డబ్బది. అదే డబ్బు లక్ష మంది రైతుల దగ్గర శిస్తుగా వసూలు చెయ్యాల్సి వస్తే లక్ష మందికీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. గని రాబడికీ పన్ను రాబడికీ ఉన్న తేడా అక్కడుంది.

కోల్వేజి పట్టణంలో కసులో అని ఒక పేట ఉంది. 2014లో ఇంటి ఆవరణలో గొయ్యి తవ్వుతుంటే నల్లగా బరువైన రాయి తగిలింది. కోబాల్ట్ ఖనిజం. వార్త పాకిన కొన్నాళ్లకే పేట మొత్తం గుంటలైపోయింది. పెరట్లోనే కాదు, పడకగదిలో, వంటింట్లో కూడా తవ్వారు. గుంట మీద గులాబీ రంగు టార్పాలిన్, పక్కన గోనెసంచులు, తాడు పట్టుకుని లోపలికి దిగే కుర్రాళ్లు. ఇరవై ముప్పై మీటర్ల లోతు. గోడలకు ఆపు ఉండదు, గాలి అందదు. పైకి తీసిన సంచిని డిపోకు మోసుకుపోతారు. అక్కడి వ్యాపారి మెటోరెక్స్ అనే చిన్న యంత్రం రాయికి ఆనించి ఎంత శాతం కోబాల్ట్ ఉందో అంకె చెబుతాడు. ఆ అంకె తక్కువ చూపిస్తోందని కూలివాడి అనుమానం. సరిచూసుకోవడానికి ఇంకో యంత్రం అతనికి దొరకదు. ఆ పేట పిల్లల మూత్రంలో కోబాల్ట్ మోతాదు ఎంత ఎక్కువగా ఉందో లువెన్, లుబుంబాషి విశ్వవిద్యాలయాల వాళ్లు 2018లో ప్రచురించారు. అంతకుముందే, 2017లో, పేటలో కొంత భాగం ఖాళీ చేయించి, కంచె వేసి, ఒక చైనా కంపెనీకి కొనుగోలు హక్కు అప్పగించారు. ఇలా చేత్తో తవ్వి బతికేవాళ్లు ఆ రాగి నేలలోనే లక్షన్నర నుంచి రెండు లక్షల మంది ఉంటారని అంచనా. పిల్లల్ని గుంటల్లోంచి బయటికి తేవాలన్నదాన్ని ఎవరూ కాదనరు. కానీ కంచె వేసి పంపేస్తే ఆ తండ్రులు ఎక్కడికి పోవాలి? చేనుకు పోదామంటే పంట అమ్ముకునే దారి లేదు.

ఆ దారి సంగతే తక్కువగా మాట్లాడుకుంటాం. సాగుకు పనికొచ్చే భూమి 8 కోట్ల హెక్టార్లు ఉన్నట్టు చెబుతారు, అందులో పదో వంతు మాత్రమే సాగవుతోంది. ఒకప్పుడు పామాయిల్ ఎగుమతిలో ముందు వరసలో ఉన్న దేశం ఇప్పుడు పామాయిల్ దిగుమతి చేసుకుంటోంది. అంత పెద్ద నది ఒడ్డున ఉన్న కిన్షాసాలో సామాన్యుడు తినేది నమీబియా తీరం నుంచి గడ్డకట్టించి తెచ్చిన ఎంపియోడి చేప. లుబుంబాషి గని కూలీల ఇంట్లో ఉడికే మొక్కజొన్న పిండి సరిహద్దు దాటి జాంబియా నుంచి వస్తుంది. లారీ పోదామంటే దారి పొడుగునా అడ్డుకర్రలు. 2017లో బెల్జియంలోని ఒక పరిశోధక సంస్థ తూర్పున ఉన్న రెండు కివు రాష్ట్రాల్లోనే దాదాపు 800 చోట్ల రోడ్డు మీద తాడు కట్టి వసూలు చేస్తున్నట్టు పటం గీసింది. సైనికులు, పోలీసులు, మునిసిపాలిటీ వాళ్లు, తిరుగుబాటు ముఠాలు, అందరూ ఉన్నారందులో. అరటి గెలలు తలమీద పెట్టుకుపోయే ఆడమనిషి కూడా కట్టాల్సిందే. కాంగో జనం పన్నులు కట్టరని ఎవరైనా అంటే నేను ఈ పటం చూపిస్తాను. వాళ్లు కడుతూనే ఉన్నారు. ఖజానాకు చేరదు, రశీదు రాదు.

పుస్తకాల్లో దీన్నంతా వనరుల శాపం అనే పేరుతో చదువుకున్నాం. 1995లో జెఫ్రీ సాక్స్, ఆండ్రూ వార్నర్ లెక్కలు కట్టి, ఖనిజాలు ఎక్కువున్న దేశాలు నెమ్మదిగా పెరిగాయని చూపించారు. లెక్క తప్పని అనను. కానీ ఆ లెక్కలో చేసినవాడు మాయమైపోతాడు. ఇక్కడ చేసినవాళ్లు ఉన్నారు, తేదీలున్నాయి, సంతకాలున్నాయి. ఖనిజాలుండీ నిలదొక్కుకున్న దేశమూ ఉంది, బోట్స్వానా. దానికి 1966లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు తారురోడ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మరుసటి ఏడే ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. అధ్యక్షుడు సెరెట్సే ఖామా తన సొంత తెగ భూమి కింది ఖనిజాలతో సహా అన్నింటినీ దేశం పరం చేశాడు. డి బీర్స్‌తో మళ్లీ మళ్లీ బేరమాడి సగం వాటా రాబట్టాడు. బడులు కట్టాడు. ఇవాళ కృత్రిమ వజ్రాలు వచ్చి ఆ దేశం కూడా ఇబ్బంది పడుతోంది, అది వేరే మాట. కాంగోను దానితో పోల్చి తిట్టడం న్యాయం కాదని కూడా చెప్పాలి. ఖామాను ఎవరూ చంపలేదు. స్వాతంత్ర్యం వచ్చాక లుముంబా బతికింది ఏడు నెలల లోపే.

తూర్పున ఇప్పటికీ తుపాకులు ఆగలేదు. 2025 జనవరిలో రువాండా అండ ఉన్న ఎం23 తిరుగుబాటు దళాలు గోమా నగరాన్ని పట్టుకున్నాయి. అంతకుముందే రుబాయా టాంటలం గనులు వాళ్ల చేతికి వెళ్లాయి. అదే ఏడు జూన్‌లో వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ శాంతి పక్కనే ఖనిజాల బేరం కూడా నడుస్తోంది. నాకు అది భయం కలిగిస్తోంది.

అయితే ఆ దేశంలో చీకటి ఒక్కటే చూపించి పోవడం అన్యాయం. 2018లో కంపెనీలు ఎంత ఒత్తిడి తెచ్చినా గనుల చట్టాన్ని సవరించారు. రాగి రాయల్టీ 3.5 శాతానికి, కోబాల్ట్ మీద 10 శాతానికి పెంచారు. ఆ రాయల్టీలో 15 శాతం గని ఉన్న చోటి స్థానిక సంస్థకే నేరుగా వెళ్లాలి, 25 శాతం రాష్ట్రానికి. కంపెనీ అమ్మకాల్లో వెయ్యికి మూడు వంతులు చుట్టుపక్కల ఊళ్లకు ఖర్చు పెట్టాలి. 2015లో మన దేశంలో వచ్చిన జిల్లా ఖనిజ నిధి లాంటిదే ఇది. ఆ నిధి మన జిల్లాల్లో ఎలా ఖర్చవుతోందో చూస్తున్నవాళ్లకు అక్కడి కష్టం వేరే చెప్పక్కర్లేదు. కోల్వేజిలో, లుబుంబాషిలో పౌర సంఘాల వాళ్లు ఆ 15 శాతం ఏమైందో అడుగుతున్నారు, ఒప్పందాలు సంపాదించి చదువుతున్నారు, అందుకు బెదిరింపులూ ఎదుర్కొంటున్నారు. 2019 సెప్టెంబర్ నుంచి ప్రాథమిక విద్య ఉచితమైంది. అప్పటిదాకా ఖజానా జీతాలివ్వక, తల్లిదండ్రులే చందాలేసుకుని టీచర్లను పోషించేవారు. ఫీజు తీసేయగానే లక్షల మంది పిల్లలు బడికి వచ్చారు. గదులు చాలక ఒక్కో తరగతిలో వంద మంది కూర్చుంటున్నారు, టీచర్ల జీతాలు ఇంకా గొడవల్లోనే ఉన్నాయి. అయినా ఆ దేశ చరిత్రలో ఖజానా డబ్బు జనం ఇంటి గుమ్మం దాకా వచ్చిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి. నేను రాగి ఉత్పత్తి అంకెల కన్నా దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. బడిలో పిల్లను వేసిన తల్లికి ఖజానాను ప్రశ్నించే కారణం ఒకటి దొరికింది.

2025 ఫిబ్రవరిలో కోబాల్ట్ ధర అడుగంటినప్పుడు కాంగో ఎగుమతులు ఆపేసింది. అక్టోబర్ నుంచి కోటాల పద్ధతి పెట్టింది. ధర పెరిగింది. బేరమాడగల శక్తి తనకుందని ఆ దేశం చేతల్లో చూపించింది. ఖనిజాన్ని సగం శుద్ధి చేసి చైనాకు పంపే బదులు అక్కడే పూర్తిగా శుద్ధి చెయ్యాలన్నది తర్వాతి కోరిక. దానికి కరెంటు కావాలి, కరెంటుకు ఇంగా కావాలి. ఇంగా-3 గురించి దశాబ్దాలుగా వింటున్నాం. 2025లో ప్రపంచ బ్యాంకు మళ్లీ కొంత డబ్బు మంజూరు చేసింది. ఈసారి లాగే తీగ దారిలో ఎన్ని ఊళ్లకు దిగుతుందో ఆ ప్లానులో ముందే రాయించాలి.

ఇందులో మన వంతు కూడా ఉంది. 2025 జనవరిలో మన కేంద్ర ప్రభుత్వం కీలక ఖనిజాల మిషన్ ప్రకటించింది. విదేశాల్లో గనులు సంపాదించడం అందులో ఒక లక్ష్యం. రేపు మన కంపెనీలూ కటంగాకు పోతాయి, మన పిల్లలే ఇంజనీర్లుగా, ఎకౌంటెంట్లుగా పోతారు. ఈ హాల్లో కూర్చున్న విద్యార్థుల్లో కూడా కొందరు పోవచ్చు. మన దేశం అక్కడ చేసుకునే ప్రతి గని ఒప్పందాన్నీ సంతకమైన రోజే రెండు దేశాల్లోనూ ప్రచురించాలని, గని ఉన్న ఊరి స్థానిక సంస్థకు ఏటా ఎంత కట్టారో కంపెనీ వార్షిక నివేదికలో ఊరి పేరుతో సహా వెయ్యాలని మన పార్లమెంటు నియమం పెట్టాలి. అడగవలసింది మన ఎంపీలను. ఆ వినతిపత్రం ముసాయిదా ఈ సభ నిర్వాహకులకు ఇచ్చాను. చదివి, సరిదిద్దవలసినవి సరిదిద్ది, సంతకాలు చెయ్యమని కోరుతున్నాను.